రైలు వెళ్ళిపోయింది, బాట మిగిలింది

కొండ దారిలో సైకిలు తొక్కడం ఎలా ఉంటుందో మీలో కొందరికైనా అనుభవమై ఉంటుంది. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు భయం. మరీ నిటారుగా ఉన్నచోట సైకిలు దిగి నెట్టుకుంటూ పోవడం తప్పదు. అయితే ఇంగ్లండులో ఒకచోట చుట్టూ కొండలూ లోయలే ఉన్నా, పదేళ్ళ పిల్లలు కూడా ఇరవై కిలోమీటర్ల దూరం హాయిగా సైకిలు తొక్కుకుంటూ పోగలరు. వాళ్ళు వెళ్ళే బాట దాదాపు ఎక్కడా నిటారుగా లేవదు. ఆ బాట మీదికి కార్లు రావు, లారీలు రావు, మోటారు సైకిళ్ళు కూడా రావు. చక్రాల కింద సన్నని కంకర కరకరలాడే చప్పుడు తప్ప మరే చప్పుడూ ఉండదు.

కొండలను ఎవరైనా చదును చేశారా? లేదు. కొండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోనీ, పిల్లల మీద ప్రేమతో ఎవరైనా ఈ బాట వేయించారా? అదీ కాదు. బాట వేసినవాళ్ళు సైకిలును తలచుకోనైనా లేదు. దాన్ని రైలింజను కోసం వేశారు. రైలు వెళ్ళిపోయింది, బాట మిగిలింది. కొండలనాటులో ఇంత చదునైన బాట ఎలా వచ్చిందో, రైలుకు అది ఎందుకు అవసరమైందో, సైకిలుకు ఎలా పనికివచ్చిందో చూద్దాం రండి.

శిఖరాలు లేని శిఖర సీమ

ఇంగ్లండు నడిమి భాగంలో, మాంచెస్టర్, షెఫీల్డ్ అనే రెండు పెద్ద పారిశ్రామిక నగరాల మధ్య, పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతం ఉంది. పీక్ అంటే ఇంగ్లీషులో శిఖరం. పేరులో శిఖరం ఉన్నా అక్కడ మొనదేలిన శిఖరాలు దాదాపు కనిపించవు. అన్నిటికంటె ఎత్తయిన కిండర్ స్కౌట్ సముద్ర మట్టానికి 636 మీటర్ల ఎత్తున ఉంది. అది కూడా పైన బల్లపరుపుగానే ఉంటుంది. 1951లో బ్రిటన్ ఏర్పాటు చేసిన మొట్టమొదటి జాతీయవనం ఈ ప్రాంతమే. దాని విస్తీర్ణం సుమారు 1,438 చదరపు కిలోమీటర్లు.

జాతీయవనం దక్షిణ భాగం చాలావరకు సున్నపురాయి. అది సుమారు 33 కోట్ల సంవత్సరాల కిందట, లోతులేని వెచ్చని సముద్రం అడుగున పుట్టింది. అప్పట్లో ఈ నేల భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేది. సముద్రపు జీవుల గుల్లలూ, అస్థిపంజరాలూ పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారాయి. ఇప్పటికీ అక్కడి రాళ్ళలో సముద్రపు లిల్లీలనే జీవుల శిలాజాలు, చిన్న చిన్న పూసలు గుచ్చినట్టుగా, కనిపిస్తూ ఉంటాయి.

సున్నపురాయి నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. వాన నీరు పైన నిలవకుండా పగుళ్ళలోంచి లోపలికి ఇంకిపోతుంది. నదులు ఆ రాతిని కోసి ఇరుకైన లోతు లోయలను చేశాయి. కాబట్టి పైన నీళ్ళు లేని పీఠభూమి, కింద నిలువు గోడల్లాంటి లోయలు. ఒక ఊరినుంచి మరో ఊరికి పోవాలంటే లోయలోకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. పాత రోడ్లన్నీ అలాగే ఉంటాయి. కాసిల్టన్ అనే ఊరి దగ్గర వినాట్స్ కనుమ రోడ్డు అయిదు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. అటువంటి రోడ్డు మీద గట్టి సైకిలు వీరులకు కూడా చెమటలు పడతాయి.

ఇనుప చక్రం గొప్పదనం, బలహీనత

రైలు చక్రం ఉక్కు. పట్టా కూడా ఉక్కే. రెండూ గట్టివి, నున్ననివి. ఒత్తిడికి అవి దాదాపు నొక్కుకుపోవు. అందుచేత చక్రం దొర్లేటప్పుడు శక్తి చాలా తక్కువగా వృథా అవుతుంది. ఒక టన్ను, అంటే వెయ్యి కిలోల బరువున్న బండిని చదునైన పట్టాల మీద నెమ్మదిగా నడిపించడానికి సుమారు రెండున్నర కిలోల బరువంత బలం చాలు. ఆశ్చర్యంగా లేదూ!

ఇప్పుడు పట్టాలను కొంచెం వాలుగా పెట్టండి. ఎంత వాలు? 100 మీటర్లు పోతే ఒక్క మీటరు ఎత్తు. ఇంజనీర్లు దీన్ని 'నూటికి ఒకటి' అంటారు. కంటితో చూస్తే అది వాలని కూడా అనిపించదు. కాని బరువులో నూరోవంతు వెనక్కు లాగడం మొదలు పెడుతుంది. వెయ్యి కిలోలలో నూరోవంతు పది కిలోలు. ముందున్న రెండున్నరతో కలిపితే పన్నెండున్నర. అంటే కంటికి ఆనని వాలు మీద కూడా ఇంజను అయిదు రెట్లు బలంగా లాగాలి! బరువును సులువుగా దొర్లించడం ఇనుప చక్రం గొప్పదనం. ఆ గొప్పదనం మూలంగానే చిన్న వాలు కూడా దానికి పెద్ద భారమవుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. ఇంజను ముందుకు పోవాలంటే దాని చక్రాలు పట్టాలను గట్టిగా పట్టుకోవాలి. నున్నని ఉక్కు మీద నున్నని ఉక్కుకు పట్టు ఎక్కడినుంచి వస్తుంది? వాన పడినా, ఆకులు రాలి నలిగినా ఆ ఉన్న పట్టు కూడా సడలిపోతుంది. చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. అందుకే ఇంజను డ్రైవర్లు పట్టాల మీద ఇసుక చల్లే ఏర్పాటు ఉంచుకునేవారు.

ఈ కారణాలవల్ల రైలు దారులు వేసే ఇంజనీర్లు కొండప్రాంతాల్లో కూడా వాలు నూటికి ఒకటి దగ్గర ఉంచాలని చూసేవారు. తప్పనిసరైతే అరవైకి ఒకటి వరకు పోయేవారు. కొండ అడ్డొస్తే పైకి ఎక్కించరు. కొండను నిలువునా కోసి దారి చేస్తారు. కోసిన రాయినీ మట్టినీ తీసుకుపోయి పక్కనున్న పల్లంలో పోసి, చెరువు కట్టలాగా కట్ట వేస్తారు. కట్టకు కూడా అందని లోతయితే వంతెన, కోతకు కూడా లొంగని ఎత్తయితే సొరంగం. ఇలా ఎత్తును పల్లంతో సరిచేసుకుంటూ పోతే కొండల మధ్య సన్నని వాలుగల ఒక పట్టీ తయారవుతుంది. ఆ పట్టీయే తర్వాతి కాలంలో సైకిలు బాట అయింది.

తాళ్ళతో లాగిన రైలు

ఈ ప్రాంతపు తొలి రైలు దారి కథ మరీ విచిత్రం. క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో నీటి శక్తితో నడిచే నూలుమిల్లు నెలకొల్పాడు. ఆ ఊరికి పడవలు తిరిగే కాలువ వచ్చింది. కొండలకు అవతల వేలీ బ్రిడ్జి అనే ఊరి దగ్గర మరో కాలువ ఉంది. ఈ రెండు కాలువలనూ కలపాలని వర్తకుల కోరిక. కాని మధ్యలో ఉన్నది సున్నపురాతి పీఠభూమి. కాలువ తవ్వితే దానికి నీళ్ళెక్కడివి?

కాలువ వీలుకాదు కాబట్టి రైలు దారి వేశారు. ఇంజనీరు జొసయాస్ జెస్సప్. సుమారు 53 కిలోమీటర్ల ఈ క్రామ్‌ఫర్డ్–హై పీక్ రైలు దారి 1831లో పూర్తయింది. దీన్ని కాలువ వేసినట్టే వేశారు. కాలువలో నీరు చదునుగా ఉంటుంది. ఎత్తు మారవలసినచోట తలుపులున్న లాకులు కట్టి పడవను ఒక్కసారిగా పైకి లేపుతారు. అలాగే ఈ రైలు దారిలో కూడా పొడవునా చదునైన ముక్కలు, వాటి మధ్య లాకుల బదులు నిటారైన వాలుదారులు ఏర్పాటు చేశారు. స్టేషన్లను కూడా స్టేషన్లనలేదు. పడవల రేవుల పేరుతోనే పిలిచారు!

చదును మీద మొదట గుర్రాలు బండ్లను లాగేవి. వాలుదారి దగ్గరికి రాగానే బండ్లను గొలుసుకో తాటికో కట్టేవారు. కొండ పైన కదలకుండా బిగించిన ఆవిరి యంత్రం వాటిని పైకి లాగేది. ఒకవైపు బండ్లు దిగుతుంటే మరోవైపు బండ్లు ఎక్కేవి. గిలక మీద రెండు చేదలున్న బావిని ఊహించుకోండి. ఒక చేద దిగుతూ రెండోదానికి సాయపడుతుంది కదా! ఇదీ అంతే. మిడిల్టన్ అనేచోట వాలు సుమారు ఎనిమిదికి ఒకటి. అక్కడి యంత్రాన్ని 1829లో తయారు చేశారు. అది 1963 దాకా పనిచేసింది. ఇప్పటికీ ఆ యంత్రమూ, దాని ఇల్లూ, ఎత్తయిన పొగగొట్టమూ భద్రంగా ఉన్నాయి.

బండ్లు విడిపోతే? 1888లో అదే జరిగింది. షీప్ పాశ్చర్ అనే వాలుదారి మీద విడిపోయిన బండ్లు దొర్లుతూ దొర్లుతూ వేగం పుంజుకుని, కింద ఉన్న కాలువనూ దాని అవతలి రైలు పట్టాలనూ కూడా దాటి ఎగిరిపడ్డాయి. ఆ తర్వాత, జారిపోయిన బండ్లను మళ్ళించి పడేయడానికి వాలు అడుగున ఒక గొయ్యి తవ్వారు. ఆ గొయ్యిని ఇప్పుడు కూడా చూడవచ్చు.

హాప్టన్ అనేచోట పద్నాలుగుకు ఒకటి వాలును తర్వాతి రోజుల్లో ఇంజన్లు తాళ్ళు లేకుండా, చక్రాల పట్టుతోనే ఎక్కేవి. బ్రిటన్‌లో ఇంజను ఆ విధంగా ఎక్కిన వాలుల్లోకెల్లా నిటారైనది అదే. ఒక్కోసారి కొద్ది బండ్లను మాత్రమే లాగగలిగేది. ఇనుప చక్రానికి కొండ అంటే ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రైళ్ళు ఆగిపోయాయి

కార్లు, బస్సులు, లారీలు పెరిగినకొద్దీ చిన్న ఊళ్ళకు పోయే రైళ్ళు ఖాళీ అయ్యాయి. 1963లో రిచర్డ్ బీచింగ్ అనే అధికారి ఒక నివేదిక ఇచ్చాడు. నష్టం తెచ్చే రైలు దారులను మూసేయాలన్నాడు. అతడు మూయమన్న దారుల మొత్తం పొడవు సుమారు 8,000 కిలోమీటర్లు! ఎన్నో పల్లెటూళ్ళవాళ్ళు వద్దని మొరపెట్టుకున్నారు. అయినా చాలా దారులు మూతపడ్డాయి. పీక్ డిస్ట్రిక్ట్‌లో బక్స్టన్–ఆష్‌బోర్న్ దారి మీద ప్రయాణీకుల రైళ్ళు అంతకుముందే, 1954లో ఆగిపోయాయి. క్రామ్‌ఫర్డ్–హై పీక్ దారి 1967లో మూతపడింది. బేక్‌వెల్ మీదుగా మాంచెస్టరుకు పోయే పెద్ద దారి 1968లో ఆగింది.

పట్టాలు ఊడదీశారు. ఆ తర్వాత నేలను ఏం చేయాలి? దేశంలో చాలాచోట్ల ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. ఒకచోట కట్టను తవ్వి పొలం చేశారు. మరోచోట వంతెన తీసేశారు. ఒకచోట ఇళ్ళు కట్టారు. నూరేళ్ళ కిందట వేలమంది కూలీలు కొండలు కోసి చేసిన వాలు అలా చెదిరిపోయింది. ఇరవై కిలోమీటర్ల దారిలో ఒక్క వంతెన లేకపోయినా ఆ దారి తెగినట్టే కదా!

పీక్ డిస్ట్రిక్ట్‌లో మాత్రం జాతీయవనం వారు ముందుగా మేలుకున్నారు. ఆష్‌బోర్న్‌నుంచి పార్స్లీ హే వరకు 21 కిలోమీటర్ల రైలు దారిని తీసుకుని, 1971లో నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు, గుర్రపు రౌతులకు తెరిచారు. అదే టిస్సింగ్టన్ బాట. క్రామ్‌ఫర్డ్ రైలు దారిలో సుమారు 28 కిలోమీటర్లు హై పీక్ బాట అయింది. ఈ రెండూ పార్స్లీ హే దగ్గర కలుసుకుంటాయి. హై పీక్ బాట మీద గోతమ్ అనే మలుపు ఉంది. ఆ మలుపు వృత్తానికి వ్యాసార్ధం సుమారు 50 మీటర్లే. రైలుకు అది కష్టమైన మలుపు. సైకిలు మీద పోయే పిల్లవాడికి సరదా!

మూడోది మాన్సాల్ బాట. 1863లో రైళ్ళు నడిచిన ఈ దారి వై అనే చిన్న నది లోయ వెంట పోతుంది. అక్కడ అయిదు కమానుల రాతి వంతెన ఉంది. దాన్ని కట్టినప్పుడు జాన్ రస్కిన్ అనే ప్రసిద్ధ రచయిత మండిపడ్డాడు. అందమైన లోయను పాడు చేశారని విమర్శించాడు. ఇప్పుడు ఆ వంతెనను చూడడానికే జనం వస్తారు. దానికి చట్టపు రక్షణ కూడా ఉంది.

ఈ బాటను 1981లో తెరిచారు. కాని ఒక్కొక్కటి సుమారు 400 మీటర్ల పొడవున్న నాలుగు సొరంగాలను ప్రమాదమని మూసి ఉంచారు. సొరంగం దగ్గరికి వచ్చినవాళ్ళు బాట వదిలి కొండ చుట్టూ నిటారైన కాలిదారుల్లో ఎక్కి దిగవలసి వచ్చేది. సైకిలు తొక్కేవాళ్ళకు ఆ దారి దారే కాకుండా పోయింది. ఇలా ముప్పై ఏళ్ళు గడిచాయి. 2011లో సొరంగాలను బాగుచేసి దీపాలు పెట్టి తెరిచారు. అప్పటినుంచి 13 కిలోమీటర్లకు పైగా ఉన్న బాట అంతా ఒక్కటయింది. కుర్చీబండి మీద కూర్చున్నవాళ్ళు కూడా ఇప్పుడు ఆ లోయను చూసి వస్తున్నారు.

పని అంతే, పంపకం వేరు

సైకిలుకు ఈ వాలు ఎంత మేలు చేస్తుందో లెక్క వేసి చూద్దాం. మీ బరువు 38 కిలోలు, సైకిలు 12 కిలోలు అనుకోండి. మొత్తం 50. గట్టిగా అణచిన కంకర బాట మీద చక్రాలు దొర్లడానికి ఇందులో సుమారు నూరోవంతు, అంటే అరకిలో బరువంత బలం కావాలి. నూటికి ఒకటి వాలు వస్తే మరో అరకిలో. మొత్తం ఒక కిలో. గాలి అడ్డుకునే బలాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. అదే ఎనిమిదికి ఒకటి వాలయితే? 50ని 8తో భాగిస్తే ఆరుంపావు. అరకిలో కలిపితే దాదాపు ఏడు కిలోలు! హై పీక్ బాటలో మిడిల్టన్ వాలు దగ్గర చాలామంది సైకిలు దిగి నడిచేది అందుకే.

టిస్సింగ్టన్ బాటలో ఆష్‌బోర్న్‌నుంచి పార్స్లీ హేకు చేరేసరికి మీరు దాదాపు 200 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. నిటారైన రోడ్డున ఎక్కినా అంత ఎత్తే. 50 కిలోలను 200 మీటర్లు ఎత్తడానికి చేయవలసిన పని రెండుచోట్లా ఒకటే. గురుత్వాకర్షణ శక్తి ఎవరికీ బాకీ మాఫీ చేయదు. కాని నిటారు రోడ్డు ఆ బాకీని ఒక్క పావుగంటలో కట్టమంటుంది. రైలు బాట రెండు గంటలపాటు కొద్దికొద్దిగా వాయిదాల మీద తీసుకుంటుంది. కండరాలకు ప్రాణవాయువు అందే వేగానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే ఆయాసం, కాళ్ళ నొప్పులు. వాయిదాల మీద కడితే ఆ హద్దు దాటవలసిన పని లేదు.

కంకర ఎందుకు కదలదు?

పట్టాలు తీసిన తర్వాత బాట మీద సున్నపురాతి పిండినీ, సన్నని కంకరనూ పరిచి రోలరుతో అణిచారు. విడిగా ఉన్న రాళ్ళు చక్రం కింద ఎందుకు చెదిరిపోవు?

ఏటి ఒడ్డున దొరికే గుండ్రని గులకరాళ్ళను కుప్ప పోసి నిలబడండి. కాలు జారుతుంది. ఇప్పుడు సుత్తితో కొట్టిన కంకర మీద నిలబడండి. అది కదలదు. కొట్టిన రాయికి కోణాలూ అంచులూ ఉంటాయి. బరువు పడినకొద్దీ ఒకదాని అంచు మరొకదాని సందులో ఇరుక్కుంటుంది. స్కాట్లండుకు చెందిన జాన్ లౌడన్ మెకాడమ్ రెండు వందల ఏళ్ళ కిందట ఈ సంగతి గమనించి రోడ్లు వేసే పద్ధతినే మార్చేశాడు. పెద్ద బండలు వద్దన్నాడు. సుమారు 170 గ్రాములకు మించని కొట్టిన రాళ్ళే వాడాలన్నాడు. రోడ్డు మధ్య కొంచెం ఉబ్బుగా ఉండి నీరు పక్కలకు జారిపోవాలన్నాడు. 'మెకడం రోడ్డు' అన్న మాట ఆయన పేరునుంచే పుట్టింది.

సున్నపురాయికి ఇంకో మంచి గుణం ఉంది. దాని పిండి వానకు తడిసినప్పుడు రాళ్ళ సందుల్లో కూరుకుపోయి, కొద్దిగా కరిగి, ఎండినప్పుడు మళ్ళీ గట్టిపడి రాళ్ళను అంటుకునేట్టు చేస్తుంది. అయితే నీరు నిలిచిందంటే పని చెడినట్టే. నానిన చోట చక్రం గాడి చేస్తుంది, గాడిలో మళ్ళీ నీరు చేరుతుంది. కాబట్టి కంకర బాటను బతికించేది పక్కనున్న మురుగుకాలవే!

టైరులో గాలి ఎంత?

తారు రోడ్డు మీద పందేలకు వాడే సైకిలు టైర్లు సన్నగా, రాయిలాగా గట్టిగా ఉంటాయి. కంకర బాటలకు ఈ మధ్య 'గ్రావెల్ బైకు' అనే కొత్త రకం సైకిలు వాడుతున్నారు. గ్రావెల్ అంటే కంకర. దీని టైర్లు 40 మిల్లీమీటర్ల వెడల్పుకు అటూ ఇటూగా ఉంటాయి. వాటిలో గాలి తక్కువగా పెడతారు. పేరు కొత్తదే గాని సరదా పాతదే. తారు రోడ్లు వదిలి కొండ దారుల్లో సైకిలు తొక్కేవాళ్ళు ఇంగ్లండులో 1955లోనే 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అనే సంఘం పెట్టుకున్నారు.

గాలి తక్కువయితే సైకిలు బరువుగా నడుస్తుందని మనందరికీ తెలుసు. మరి కంకర మీద గాలి ఎందుకు తగ్గిస్తారు? టైరు గట్టిగా ఉంటే చిన్న రాయి ఎదురైనప్పుడల్లా సైకిలునూ, మిమ్మల్నీ కలిపి ఆ రాయి ఎత్తున పైకి ఎత్తాలి. రాయి దాటగానే దబ్బున కింద పడతారు. ఇలా నిమిషానికి వందలసార్లు జరుగుతుంది. ముందుకు పోవలసిన శక్తి చేతులను, వెన్నెముకను కుదపడానికి ఖర్చవుతుంది. టైరు మెత్తగా ఉంటే రాయి టైరులోకి నొక్కుకుపోతుంది. మీరు కదలరు, టైరే సర్దుకుంటుంది. పైగా మెత్తని టైరు ఎక్కువ నేలను తాకుతుంది కాబట్టి కంకర కిందికి కూరుకుపోదు. అయితే మరీ తగ్గిస్తే రిమ్ము రాతికి తగిలి ట్యూబు చిరుగుతుంది.

గాలి టైరును స్కాట్లండువాడయిన రాబర్ట్ థామ్సన్ 1845లోనే కనిపెట్టి హక్కు పొందాడు. కాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి మళ్ళీ కనిపెట్టాడు. ఆ తర్వాతే సైకిలు ప్రపంచమంతటా తిరిగింది.

కంకర మీద జాగ్రత్త కూడా అవసరం. పైన విడిగా ఉన్న రాళ్ళు చక్రం కింద గోళీల్లాగా దొర్లుతాయి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే చక్రం పక్కకు జారిపోతుంది. మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి.

320 రెట్లు

కార్లు లేకపోవడంవల్ల ఏమిటంత లాభం? ఇదీ లెక్క వేద్దాం. కదిలే వస్తువులో ఉన్న శక్తి దాని బరువునుబట్టి పెరుగుతుంది. వేగాన్నిబట్టి అయితే వేగపు వర్గంలాగా పెరుగుతుంది. మీరూ సైకిలూ కలిసి 50 కిలోలు, వేగం గంటకు 15 కిలోమీటర్లు. కారు బరువు వెయ్యి కిలోలు, వేగం గంటకు 60 కిలోమీటర్లు. బరువు 20 రెట్లు. వేగం 4 రెట్లు, దాని వర్గం 16. ఇరవైని పదహారుతో హెచ్చిస్తే 320. మామూలు వేగంతో పోయే చిన్న కారులో కూడా మీ సైకిలు శక్తికి 320 రెట్ల శక్తి ఉంటుంది! అటువంటిది తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇరుకు రోడ్ల మీద పిల్లలను సైకిలుతో పంపడానికి ఏ దేశంలోనైనా అమ్మానాన్నలు భయపడేది ఇందుకే.

ఇంగ్లండులో ఏ దారిలో ఎవరు పోవచ్చునో చట్టం చెబుతుంది. కాలిబాట మీద నడవడానికే హక్కు. గుర్రపు బాట మీద గుర్రాలు పోవచ్చు. 1968లో వచ్చిన చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్ళను కూడా అనుమతించింది. అయితే ఒక షరతు పెట్టింది. నడిచేవాళ్ళకూ గుర్రాలకూ సైకిలువాడే దారి ఇవ్వాలి. బాట మీద అందరికంటె వేగంగా పోయేవాడే అందరికంటె ఎక్కువ జాగ్రత్తగా ఉండాలన్నమాట.

ఇంతకూ కథ ముగిసిందా? లేదు. మాన్సాల్ బాట మీద మళ్ళీ పట్టాలు వేసి రైళ్ళు నడపాలని కోరేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు. రైళ్ళు వస్తే రోడ్ల మీద కార్లూ లారీలూ తగ్గుతాయని వాళ్ళ వాదన. బాటను వదులుకోబోమని నడిచేవాళ్ళూ సైకిలువాళ్ళూ అంటున్నారు. రెండువైపులా మంచి కారణాలే ఉన్నాయి. కొండలో సన్నని వాలు ఎంత అరుదైనదో ఇద్దరికీ తెలుసు. మీరయితే ఏమంటారు? తరగతిలో రెండు జట్లుగా చేరి వాదించి చూడండి.

మీరే చేసి చూడండి

1. సైకిలు చక్రం కింద గళ్ళ కాగితం పరచండి. టైరుకు తడి సుద్దపొడి పూసి, ఒక స్నేహితుడు సైకిలు పట్టుకుంటే మీరు ఎక్కి కూర్చోండి. దిగి, చక్రం ఎత్తి, అచ్చు పడిన గళ్ళు లెక్కపెట్టండి. గాలి కొంత తగ్గించి మళ్ళీ చేయండి. గాలి తగ్గితే అచ్చు ఎంత పెరిగింది?

2. మీ బడిదారి వాలు ఎంత? తాపీమేస్త్రులు మట్టం చూసే నీళ్ళ గొట్టం తీసుకోండి. అందులో గాలి బుడగలు ఉండకూడదు. దారి మీద 10 మీటర్ల దూరంలో ఇద్దరు గొట్టం రెండు కొసలూ నిలువుగా పట్టుకోండి. రెండువైపులా నీరు ఒకే మట్టాన నిలుస్తుంది. నేలనుంచి నీటి మట్టం వరకు రెండుచోట్లా కొలవండి. తేడా 10 సెంటీమీటర్లు వస్తే మీ దారి వాలు నూటికి ఒకటి. 20 వస్తే యాభైకి ఒకటి. పెద్ద రోడ్డు మీద కాకుండా, బండ్లు రాని దారిలోనే ఈ పని చేయండి. రోజూ చదునుగా ఉందనుకుంటూ నడిచే దారిలో ఎక్కడ ఎంత వాలుందో కొలిచి, పటం గీసి, బడిలో మీ మాస్టారికి చూపించండి.